అమెరికా వర్సెస్ దాదాపు 53 కుక్కలు

బోను తలుపు తెరుచుకుంది. కుక్క బయటికి రాలేదు.

2007 సెప్టెంబర్. వర్జీనియా రాష్ట్రం తూర్పు వైపు. గాలి నిండా తేమ. చొక్కాలు వీపులకి అంటుకుపోతున్నాయి. షెల్టర్ లోపల సిమెంటు గచ్చు, ఇనప జాలీలు, ముక్కు మండించే బ్లీచింగ్ వాసన. ఒక కుక్క మొరిగితే చాలు, వరసంతా అందుకుంటోంది. ఆ హోరు గోడలకి కొట్టుకుని తిరిగొచ్చి చెవుల్లో పడుతోంది. ఇంత గోలలోనూ ఈ ఒక్కటి మాత్రం కిక్కురుమనడం లేదు.

లీష్ పట్టుకున్న మనిషి మెల్లగా మోకాళ్ల మీదికి దిగాడు. వెనక ఇంకొకరు అట్ట మీద కాగితం పెట్టుకుని పెన్ను మూత తీశారు. ఎవరూ మాట్లాడలేదు. ఈ కుక్క గురించి దేశం మొత్తం అప్పటికే మాట్లాడేసింది. టీవీ చర్చల్లో, పేపర్లలో, కోర్టు మెట్ల మీద, జంతు సంరక్షణ సంఘాల ప్రకటనల్లో దీని జాతి ఏంటో, దీన్ని పెంచినవాడెవడో, దీనికేం నేర్పించారో, వదిలితే ఏ పిల్లాడి పీక పట్టుకుంటుందో అంతా తేల్చేశారు. అది ఏం చేస్తుందో అందరికీ తెలుసు. దగ్గరికెళ్లి చూసినవాళ్లే లేరు.

మనిషి చెయ్యి చాపాడు. కుక్క కదిలింది.

*

అదే ఏడాది ఏప్రిల్ 25.

సర్రీ కౌంటీ, మూన్‌లైట్ రోడ్. చుట్టూ పొలాలు, పైన్ చెట్లు. రోడ్డు వైపు చూస్తే తెల్లటి రెండంతస్తుల ఇల్లు. పోలీసులు వారెంటు పట్టుకుని వచ్చింది కుక్కల కోసం కాదు, డ్రగ్స్ కోసం. వేరే ఊళ్లో పట్టుబడ్డ ఒక కుర్రాడు తన అడ్రస్ అంటూ ఈ ఇల్లు చెప్పాడు. మామూలు సోదా. గంటా రెండు గంటల పని అనుకున్నారు.

ఇంటి వెనక్కి వెళ్లాక తెలిసింది, పని ఇప్పుడే మొదలైందని.

చెట్ల మధ్య షెడ్లు. వాటికి నిలువెల్లా నల్లరంగు. రాత్రిపూట కంటికి ఆనకూడదని పూసినట్టుంది. ఇంకొంచెం లోపలికి వెళ్తే భూమిలో పాతిన కారు ఇరుసులు, వాటికి బరువైన గొలుసులు, గొలుసుల చివర కుక్కలు. ఒకదానికి ఇంకోటి కనబడుతుంది, అందదు. అంత లెక్కగా కొలిచి కట్టారు. షెడ్లలో ట్రెడ్‌మిల్లు, మందుల సీసాలు, ఇంజెక్షన్లు. నెత్తురు మరకలు. ఆ రోజు బయటికి తెచ్చిన కుక్కలు 66. వాటిలో 50కి పైగా పిట్‌బుల్స్.

ఇల్లు ఎవరిదో కాగితాల్లో చూశారు. మైకేల్ విక్. అట్లాంటా ఫాల్కన్స్ టీమ్ క్వార్టర్‌బ్యాక్. అమెరికన్ ఫుట్‌బాల్లో ఆటంతా నడిపేది ఆ స్థానమే. 2004లో పదేళ్లకి 13 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్న మనిషి. టీవీ పెడితే అతనే, బూట్ల ప్రకటనల్లో అతనే. అదే మనిషికి స్నేహితులతో కలిసి ఇంకో వ్యాపారం కూడా ఉందని ఇప్పుడు బయటపడింది. దాని పేరు బ్యాడ్ న్యూజ్ కెన్నెల్స్. పందెం కుక్కల్ని పెంచడం, పోట్లాడించడం. ఓడినవాటిని ఏం చేశారో కుక్కలు చెప్పలేవు. నేల చెప్పింది. ఫెడరల్ అధికారులు తవ్వితే కళేబరాలు బయటపడ్డాయి.

ఆగస్టులో విక్ నేరం ఒప్పుకున్నాడు. అతను సంతకం పెట్టిన కాగితంలో ఒక వాక్యం ఉంది. చదివినవాళ్లు అక్కడ ఆగిపోయారు.

పోలీసులు రావడానికి కొద్దిరోజుల ముందు, అదే ఏప్రిల్‌లో, ఆ పెరట్లో కుక్కలకి ఒక పరీక్ష జరిగింది. పోట్లాటకి పనికొస్తాయా రావా అన్న పరీక్ష. తప్పినవాటిలో ఆరు నుంచి ఎనిమిది దాకా చంపేశారు. కొన్నిటిని ఉరేశారు. కొన్నిటిని నీళ్లలో ముంచారు.

అంటే ప్రాణాలతో బయటపడ్డ కుక్కలు రెండే రకాలు ఉండాలి. ఆ పరీక్ష నెగ్గినవి. ఇంకా దాని దాకా రానివి. ఏవి ఏ రకమో చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ లేరు.

*

కోర్టులో ఆ కేసుకి పెట్టిన పేరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. 'యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ దాదాపు 53 పిట్‌బుల్ కుక్కలు.' చట్టం దృష్టిలో కుక్క ఆస్తి. నేరంలో వాడిన కారుని జప్తు చేస్తే కేసు ఆ కారు మీదే నడుస్తుంది. ఇక్కడ కుక్కల మీద నడిచింది. ఆ 'దాదాపు' అన్న మాటలోనే ఉంది వాటికి ఎంత లెక్కో.

సాక్ష్యం కాబట్టి వాటిని దాచాలి. ఒక్కచోట అన్నీ పట్టవు. తూర్పు వర్జీనియాలో వేర్వేరు కౌంటీల షెల్టర్లకి పంచారు. పేర్లు లేవు. కౌంటీ పేరు, పక్కన ఒక నంబర్. ఏప్రిల్ వెళ్లింది. మే వెళ్లింది. ఎండలు ముదిరాయి. రోజుకి 24 గంటలూ ఆ బోనులోనే. ఎక్కడో ఒకరిద్దరు మనసున్న ఉద్యోగులు తప్ప వాటిని తాకినవాళ్లు తక్కువ. ఎందుకు తాకాలి? వీటి కథ ఎలా ముగుస్తుందో అందరికీ తెలుసు.

కుక్కల పందేల కేసుల్లో అప్పటిదాకా జరిగింది ఒకటే. నిందితుడికి శిక్ష పడుతుంది. కుక్కలకి ఇంజెక్షన్ పడుతుంది. జడ్జి సంతకం, పశువైద్యుడి సిరంజి, అయిపోయింది. ఈసారీ అదే జరగాలని అడిగినవాళ్లలో పెటా ఉంది. హ్యూమేన్ సొసైటీ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ ఉంది. జంతువుల కోసం పోరాడే సంస్థలే చంపమనడం వినడానికి వింతే. కానీ వాళ్ల లెక్క వాళ్లకుంది. ఏ తప్పూ లేని లక్షల కుక్కలు ఇళ్లు దొరక్క షెల్టర్లలో చస్తుంటే, పందెం కుక్కల మీద డబ్బు, సమయం పెట్టడం దేనికి? రేపు ఒక్కటి ఒక పిల్లాణ్ని కరిస్తే జవాబెవరు?

గట్టి ప్రశ్నే. దానికి ఎదురుగా ఇంకో ప్రశ్న వేసినవాళ్లు కాలిఫోర్నియాలో ఉన్నారు.

డోనా రెనాల్డ్స్, టిమ్ రేసర్. భార్యాభర్తలు. ఓక్లాండ్ ప్రాంతంలో 1999 నుంచి బ్యాడ్ ర్యాప్ అనే చిన్న సంస్థ నడుపుతున్నారు. పిట్‌బుల్స్‌ని తీసుకొచ్చి, అలవాటు చేసి, ఇళ్లలో పెట్టడం వాళ్ల పని. ఆఫీసు లేదు, హంగు లేదు. ఫెడరల్ ప్రాసిక్యూటర్లకి కబురు పంపారు. చంపేముందు ఒక్కోదాన్నీ విడిగా చూడండి, కావాలంటే మేమొస్తాం అన్నారు. నిజంగానే పిలుస్తారని వాళ్లకీ నమ్మకం లేదు.

పిలుపు వచ్చింది.

*

టీమ్‌ని కూర్చింది న్యూయార్క్‌కి చెందిన జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ. నాయకుడు స్టీఫెన్ జావిస్టోవ్‌స్కీ, జంతువుల ప్రవర్తన మీద శాస్త్రం చదువుకున్నవాడు. ఆయనతోపాటు ఇంకొందరు నిపుణులు, బ్యాడ్ ర్యాప్ మనుషులు. అందరి చేతా నోరు విప్పబోమని రాయించుకున్నారు. ఎక్కడికి వెళ్తున్నారో, ఏం చూస్తున్నారో బయటికి పొక్కకూడదు. కేసు అంత వేడిగా ఉంది.

వాళ్లలో ఎవరికీ పెద్ద ఆశలు లేవు. నాలుగో అయిదో బతికించగలిగితే అదే సంతోషం అనుకున్నానని టీమ్‌లో ఒకరైన ర్యాండాల్ లాక్‌వుడ్ ఆ తర్వాత చెప్పారు. పరీక్షకి వచ్చేసరికి కుక్కల లెక్క 49కి తేలింది. 49లో నాలుగైదు. ఆ లెక్కతోనే మొదటి బోను దగ్గరికి వచ్చారు. ఆ లెక్కతోనే చెయ్యి చాపారు.

కుక్క మీదికి దూకలేదు. పళ్లు చూపించలేదు. వెనక్కి జరగడానికి చోటు లేక, నాలుగు కాళ్లూ నాలుగు వైపులకి చాపేసి, గడ్డం గచ్చుకి ఆనించి, పెనం మీద పోసిన అట్టులా నేలకి అతుక్కుపోయింది. కళ్లు మాత్రం పైకెత్తి చూస్తోంది. లీష్ లాగితే రాదు, వదిలితే పోదు. ఒళ్లంతా వణుకు.

టీమ్‌లోవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పందెం కుక్కల్ని చూడ్డానికి వచ్చాం కదా అని.

తర్వాతి బోనులోనూ అలాంటిదే. ఆ తర్వాత ఒకటి తోక ఊపుకుంటూ వచ్చి మనిషి ఒళ్లో పడబోయింది. ఇంకోటి ఒళ్లంతా పాత గాట్లతో, మూతి మీద మచ్చలతో, నింపాదిగా నడిచొచ్చి పక్కన నిలబడింది. మళ్లీ ఒక అట్టు. మళ్లీ ఒక అట్టు. అసలైన పందెం కుక్క అనదగ్గవి డజను కూడా తేలేట్టు లేవు. ఎక్కువ భాగం, పుట్టినప్పట్నించీ గొలుసు చివర తప్ప లోకం చూడనివి. మెట్టు ఎక్కడం తెలీదు. తలుపు అంటే తెలీదు. మనిషి చెయ్యి వస్తే దెబ్బకో ముద్దుకో తెలీదు.

భయపడే కుక్క కరవదని కాదు. మూలకి నెడితే భయమే కరుస్తుంది. అసలు పరీక్ష ఇంకా ముందుంది.

*

ఇలాంటి పరీక్షకి ఒక వరస ఉంటుంది. ముందు కుక్క దగ్గర ఊరికే నిలబడతారు, పలకరించరు. అది వస్తుందా, పోతుందా చూస్తారు. తర్వాత తల మీద చెయ్యి, వీపు మీద చెయ్యి. చెవులు తిప్పి చూడటం, పంజా పట్టుకుని కొంచెం నొక్కడం. పళ్లు చూడటం. ఆడిస్తారు, ఉడుకెక్కనిస్తారు, ఒక్కసారిగా ఆపేస్తారు. ఆగమంటే ఆగుతుందా? ఆ తర్వాత తిండి గిన్నె.

గిన్నె దగ్గరికి సొంత చెయ్యి పెట్టరు. పొడవాటి కర్రకి బిగించిన రబ్బరు చెయ్యి ఉంటుంది, మణికట్టు దాకా చొక్కా చేతి తొడుగుతో సహా. అమెరికా షెల్టర్లలో దాన్ని ప్రచారంలోకి తెచ్చింది స్యూ స్టెర్న్‌బర్గ్ అనే ట్రైనర్. కుక్క తింటుంటే ఆ చేత్తో గిన్నెని లాగుతారు. బిగుసుకుంటే ఒక గుర్తు. గుర్రుమంటే ఇంకో గుర్తు. కరిస్తే, అప్పట్లో చాలా షెల్టర్లలో ఆ కుక్క కథ అక్కడితో సరి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఎందుకంటే ఆ గిన్నె పరీక్ష మీద తర్వాతి ఏళ్లలో వచ్చిన సంగతులు వింటే గుండె కలుక్కుమంటుంది. 2013లో బోస్టన్ పరిశోధకులు ఒక పని చేశారు. షెల్టర్లో గిన్నె దగ్గర గుర్రుమన్న కుక్కల్ని ఇళ్లకి పంపి, ఇంట్లో ఏం చేస్తున్నాయో అడిగారు. సగం కంటే కొంచెం ఎక్కువ మాత్రమే ఇంట్లోనూ గుర్రుమన్నాయి. షెల్టర్లో బుద్ధిగా ఉన్నవాటిలో కొన్ని ఇంటికెళ్లాక మొదలెట్టాయి. 2016లో గ్యారీ పాట్రొనెక్, జానిస్ బ్రాడ్లీ అనే ఇద్దరు ఇంకో అడుగు ముందుకేశారు. ఇలాంటి పరీక్షలు కుక్క మున్ముందు కరుస్తుందో లేదో చెప్పడంలో నాణెం ఎగరేసినదానికంటే మెరుగేమీ కాదని లెక్కలు కట్టి మరీ రాశారు. షెల్టర్లో పడ్డ మొదటి మూడు రోజులు కుక్క నెత్తుర్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను బాగా ఎక్కువగా ఉంటుందని 1997లోనే మైకేల్ హెన్నెసీ బృందం కొలిచి చూపించింది. మూడు రోజులకే ఆ గతి. ఈ కుక్కలు నెలల తరబడి అక్కడే ఉన్నాయి. అలాంటిచోట కొలిచేది కుక్క గుణాన్నా, ఆ బోనునా?

2007లో ఆ టీమ్ దగ్గర ఈ కాగితాలు సగం లేవు. కానీ వాళ్లు ఒక పని చేశారు. మార్కుల పట్టీని పక్కన పెట్టలేదు, దాన్నే దేవుడని మొక్కనూలేదు. ఒకటి తప్పితే ఎందుకు తప్పిందో చూడాలి. భయంతోనా? పొగరుతోనా? ఎప్పుడూ చూడనిది చూసినందుకా? మళ్లీ ఇంకోలా చూద్దాం.

బొమ్మని తెచ్చారు. నడక నేర్చే పిల్లాడంత బొమ్మ, బట్టలు తొడిగి ఉంది. చూపు మసకైతే నిజం పిల్లాడే అనిపిస్తుంది. ఇన్నాళ్లూ టీవీలో మోగిన భయమంతా ఆ బొమ్మ చుట్టూనే కదా. ఊపిరి బిగబట్టారు. వాసన చూశాయి. పక్కకి తప్పుకున్నాయి. మీద పడి చీరేస్తాయన్న కుక్కలు ఆ పని చెయ్యలేదు.

ఇక మిగిలింది ఒక్కటే. ఇంకో కుక్క.

వీటిని పెంచిందే దానికోసం. ఎదుటి కుక్కని చూస్తే చాలు, ఒళ్లు తెలీకుండా దూకాలి. అలా దూకనివాటినే ఏప్రిల్‌లో తాడుకి వేలాడదీశారు. ఇప్పుడు అదే దృశ్యం, వేరే మనుషుల ముందు. సాధువైన ఒక కుక్కని లీష్ మీద నడిపించుకొచ్చారు. దూరం నుంచి. ఒక్కో అడుగే దగ్గరికి. రెండు లీష్‌లూ బిగిశాయి. పట్టుకున్నవాళ్ల కాళ్లు గచ్చుకి తన్నిపెట్టుకున్నాయి.

అట్టులా అతుక్కుపోయిన కుక్క తల ఎత్తింది.

చెవులు నిక్కాయి. నెలల తరబడి మనిషి పిలిచినా, తిండి పెట్టినా, గోముగా మాట్లాడినా కదలనిది, గచ్చు మీద నుంచి ముందు కాళ్లు కూడదీసుకుని, వెనక కాళ్లు లేపి, వణుకుతూనే ఆ కొత్త కుక్క వైపు ఒక అడుగు వేసి, మూతి చాపి, వాసన చూసి, తోక కొసని సందేహంగా ఇటూ అటూ కదిపి, ఆఖరికి ముందరి కాళ్లు వంచి నడుం పైకెత్తి ఆటకి పిలిచింది. ఒక్కటి కాదు. అలాంటివి ఇంకా ఉన్నాయి. మనుషులంటే భయం. కుక్కలంటే ప్రాణం. పందెం కోసం పుట్టించిన కుక్కలు.

అన్నీ అలా లేవు. కొన్ని ఎదుటి కుక్కని చూడగానే బిగుసుకున్నాయి, లీష్ మీద లేచి నిలబడ్డాయి. అవి మనుషులతో బాగానే ఉన్నాయి. కాగితం మీద అదీ రాశారు.

ఒక ఆడకుక్క దగ్గర మాత్రం అందరి నోళ్లూ పడిపోయాయి. దాన్ని పిల్లల కోసం మళ్లీ మళ్లీ దాటించారు. ఇష్టం లేని ఆడకుక్కని కదలకుండా బిగించే స్టాండు కూడా ఆ షెడ్లలో దొరికింది. ఆ బతుకు దాని బుర్రని ఏం చేసిందో గానీ, దగ్గరికి వెళ్లే దారే లేదు. మనిషైనా, కుక్కైనా ఒకటే. మళ్లీ చూశారు. ఇంకోలా చూశారు. పెన్ను పట్టుకున్నవాళ్లు ఆ పేజీ మీద చాలాసేపు ఉండిపోయారు.

చివరికి రాశారు.

*

నివేదికలో అయిదు గళ్లు. ఎవరింట్లోనన్నా కొన్నాళ్లు ఉంచి గమనించదగ్గవి ఒక గడి. పోలీసు పనికి పనికొచ్చేవి ఒకటి. ఆశ్రయంలో ఉంచి మెల్లగా తీర్చిదిద్దాల్సినవి ఇంకోటి. బతికినన్నాళ్లూ ఆశ్రయంలోనే ఉండాల్సినవి మరోటి. ఆఖరి గడి ఇంజెక్షన్.

49 నంబర్లూ పడతాయనుకున్న ఆ ఆఖరి గడిలో, కరుస్తుందన్న కారణంతో పడింది ఒక్కటే. ఆ ఆడకుక్క. జబ్బుతో తీసుకుంటున్న మరో కుక్కకి కూడా నొప్పి లేకుండా చావునిచ్చారు. మిగిలినవి 47.

ఆ నివేదిక రిచ్‌మండ్‌లో జడ్జి హెన్రీ హడ్సన్ బల్ల మీదికి చేరింది. అప్పుడు అమెరికా ఫెడరల్ కోర్టు అంతకుముందెప్పుడూ చెయ్యని పని చేసింది. పందెం కుక్కల తరఫున ఒక గార్డియన్‌ని పెట్టింది. ఇండియానాలో వాల్పరైజో యూనివర్సిటీ లా ప్రొఫెసర్ రెబెకా హస్. ఆవిడ ఫైళ్లు చదివి ఊరుకోలేదు. ఆ షెల్టర్లన్నీ తిరిగారు. బోనుల ముందు కూర్చున్నారు. ఏ సంస్థ ఏ కుక్కని పెట్టుకోగలదు, ఎంత ఓపిక ఉంది, ఎంత డబ్బు ఉంది, అన్నీ అడిగారు. ఇంకో సంగతీ గమనించారు. రోజులు గడిచేకొద్దీ బోనులో కుక్కలు చెడిపోతున్నాయి. పరీక్షలో నెగ్గింది కూడా ఇలాగే ఉంచితే ఓడిపోతుంది.

అందుకే పూర్తి తీర్పు రాకముందే కొన్నిటిని బయటికి పంపారు. బ్యాడ్ ర్యాప్ వాళ్లు అద్దెకి ఆర్‌వీ (ఇల్లులా ఉండే పెద్ద బండి) ఒకటి తీసుకుని, అందులో బోనులు పేర్చుకుని, కుక్కల్ని ఎక్కించుకుని ఖండాన్ని అడ్డంగా దాటి కాలిఫోర్నియా వెళ్లారు. దారిలో ఆగిన పెట్రోలు బంకుల్లో లోపల ఎవరున్నారో ఎవరికీ తెలీదు.

డిసెంబర్ 10న విక్‌కి 23 నెలల జైలు పడింది. దానికి మించి నొప్పి పెట్టిన అంకె ఇంకోటి. కుక్కల పోషణకి 9,28,073 డాలర్లు కట్టమంది కోర్టు. ఇళ్లకి పోదగ్గ కుక్కకి 5,000 చొప్పున, జీవితాంతం ఆశ్రయం కావాల్సిన కుక్కకి 18,275 చొప్పున వెళ్లాయి. డబ్బుతో కుక్కల్ని చంపినవాడి డబ్బుతోనే కుక్కలు బతికాయి. ఇంతకంటే మంచి తీర్పు ఉంటే చెప్పండి.

*

అందరిలోకీ కష్టమైన 22 కుక్కలు విమానమెక్కి యూటా రాష్ట్రం కనాబ్‌లో దిగాయి. ఎర్ర కొండల మధ్య బెస్ట్ ఫ్రెండ్స్ అనే జంతు సంస్థ వాళ్ల ఆశ్రయం. అక్కణ్నుంచి ఇంటికి వెళ్లాలంటే కోర్టు ఇంకో మెలిక పెట్టింది. కెనైన్ గుడ్ సిటిజన్ అనే పరీక్ష నెగ్గాలి. కొత్త మనిషి వచ్చి తాకితే నిలబడాలి. గుంపులోంచి నడవాలి. ఎదురుగా ఇంకో కుక్క వస్తే చూసీ చూడనట్టు సాగిపోవాలి.

జార్జియా అనే ఆడకుక్కకి నోట్లో ఒక్క పన్ను లేదు. మగకుక్కల్ని కరవకుండా పీకేశారని అనుమానం. ఆ బోసినోటి కుక్క పరీక్ష నెగ్గి ఇంటికెళ్లింది.

జానీ జస్టిస్ అని పేరు పెట్టుకున్న నలుపు తెలుపు కుక్క ఏ పిల్లల్ని కరుస్తుందన్నారో ఆ పిల్లల మధ్యలోనే కూర్చుంది. చదవడానికి సిగ్గుపడే పిల్లలు దానికి కథల పుస్తకాలు చదివి వినిపించారు. తప్పు చదివితే నవ్వదు కదా. 2014లో ఏఎస్‌పీసీఏ దానికి ఆ ఏటి మేటి కుక్క అవార్డు ఇచ్చింది. లియో అనే ఇంకోటి క్యాన్సర్ రోగుల పక్కన కూర్చునే థెరపీ కుక్కైంది.

గెలుపు కథలు అక్కడితో ఆగవు గానీ, స్వీట్ జాస్మిన్ సంగతి కూడా చెప్పాలి. 2008 డిసెంబర్‌లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక అట్ట మీదికెక్కిన మొహం దానిదే. పరీక్ష నెగ్గింది. మంచి ఇల్లు దొరికింది. అయినా నెలల తరబడి బోను దాటి రాలేదు. పొద్దున్నే ఎత్తుకుని పెరట్లోకి తీసుకెళ్లి దింపాల్సి వచ్చేది.

ఇక లూకస్. ఒళ్లంతా గాట్లు. విక్ పెరట్లో ఛాంపియన్. మనుషుల్ని చూస్తే కరిగిపోయేది. ఆశ్రయానికి వచ్చినవాళ్లందర్నీ ఎదురెళ్లి పలకరించేది. దాన్ని ఇంటికి తీసుకెళ్తామని అడిగినా లాభం లేదు. అంత పేరున్న పందెం కుక్క బయట ఉంటే ఎవడో ఎత్తుకుపోతాడని భయం. జీవితాంతం ఆశ్రయంలోనే ఉండాలని కోర్టు ఆర్డరు. పరీక్షలో ఏం తేలినా పాత కీర్తి వదల్లేదు. 2013లో లూకస్ అక్కడే పోయింది.

*

ఇంత జరిగాక దేశం మారిపోయిందనుకుంటాం. మారలేదు.

2009 ఫిబ్రవరి. నార్త్ కరోలినా, విల్క్స్ కౌంటీ. ఇంకో పందెం కుక్కల కేంద్రం, ఇంకో కోర్టు. 100కి పైగా కుక్కలు. ఈసారి ఎవరూ బోను తలుపు తెరిచి చెయ్యి చాపలేదు. బెస్ట్ ఫ్రెండ్స్ వాళ్లు మేం సాయం చేస్తాం, ఆగండి అన్నారు. హ్యూమేన్ సొసైటీ చంపడమే మేలంది. జడ్జి సరేనన్నాడు. చంపినవాటిలో పదుల సంఖ్యలో పిల్లలున్నాయి. పట్టుకున్నాక షెల్టర్లో పుట్టినవి కూడా వాటిలో ఉన్నాయి. పోట్లాట అంటే ఏంటో చూడను కూడా చూడని పిల్లలు.

దాంతో నిప్పు రాజుకుంది. ఉత్తరాలు, ఫోన్లు, తిట్లు. రెండు నెలలు తిరక్కుండానే హ్యూమేన్ సొసైటీ పాత మాట వెనక్కి తీసుకుంది. ఇకపై పందేల కేసుల్లో పట్టుబడ్డ ప్రతి కుక్కనీ విడిగా చూడాలని ఒప్పుకుంది. కాగితం మీద ఒప్పుకోవడం తేలికే. నిజంగా చెయ్యాల్సి వస్తే?

జూలైలో ఆ అవసరం రానే వచ్చింది. మిస్సోరీ, ఇంకా చుట్టుపక్కల రాష్ట్రాలు. ఒకే రోజు, ఒకేసారి సోదాలు. అప్పటిదాకా అమెరికా చరిత్రలో పట్టుకున్న అతిపెద్ద పందేల ముఠా అది. కుక్కలు 400 దాటాయి. సెయింట్ లూయిస్‌లో ఒక గోదాముని రాత్రికి రాత్రి షెల్టర్ చేశారు. ఏఎస్‌పీసీఏ నిపుణులు మళ్లీ వచ్చారు. వాళ్లు ఒక్కో కుక్కనీ బయటికి తీసి చూస్తుండగానే గోదాములో కొన్ని తల్లులు ఈనాయి. ఈసారి కుక్కపిల్లల్ని కళ్లు తెరిచి, పాలు మరిచేదాకా ఆగి, మనుషుల ఇళ్లకి పంపారు.